రంగు మార్చుకున్న ఓడలో ఎక్కవచ్చునా?

మా పెళ్ళయి వచ్చే ఫిబ్రవరికి నలభై ఏళ్ళు నిండుతాయి. ఆ సందర్భానికి సింగపూరులో బయలుదేరి, పెనాంగు, ఫుకెట్ రేవులు చూసుకొని తిరిగి సింగపూరు చేరే ఓడలో ఐదు రాత్రులు గడిపి రమ్మని మా అమ్మాయి, అల్లుడు ప్రతిపాదించారు. విజయనగరంలో ఉండే మా వియ్యంకులు కూడా వస్తామన్నారు కనుక రెండు గదులు కావాలి. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక ట్రావెల్ ఏజెంటు నా ముందు పెట్టిన రంగుల పుస్తకంలో ఆ ఓడ పెళ్ళిపందిరిలా మెరిసిపోతూ ఉంది. ఓడకు ఇరవై ఏళ్ళు దాటినా అక్టోబరు తొలివారంలోనే డ్రైడాక్ (నీళ్ళు తోడేసి ఓడను బాగుచేసే రేవుతొట్టి) నుంచి బయటికి వచ్చిందనీ, తివాచీలు, పరుపులు, భోజనశాలలు అన్నీ మార్చేశారనీ, నవంబరు నెలాఖరు దాకా జరిగే ప్రయాణాలకు ధర బాగా తగ్గించారనీ చెప్పి, “కొత్త ఓడే అనుకోండి మాస్టారూ” అన్నాడు. ఆ “అనుకోండి” దగ్గర నేను ఆగిపోయాను.

ఆగడానికి కారణం ఉంది. మూడేళ్ళ క్రితం ఇదే సింగపూరు నుంచి, మరొక కంపెనీకి చెందిన ఓడలో, మేమిద్దరం నాలుగు రాత్రుల ప్రయాణం చేశాం. అది కూడా అప్పుడే బాగుచేయించిన ఓడే. డ్రైడాక్ నుంచి వచ్చి పన్నెండు రోజులే అయిందన్న సంగతి మాకు ఓడ ఎక్కిన తరువాత, పక్క బల్ల మీద భోజనం చేస్తున్న వారి మాటల వల్ల తెలిసింది. లోపలికి అడుగు పెట్టగానే ఉన్న పెద్ద హాలు, గాజు మెట్లు, కొత్త దీపాలు చూసి మా ఆవిడ నిజంగానే మురిసిపోయింది. ఏడో అంతస్తులో మా గది తలుపు తెరిచేసరికి మాత్రం తివాచీ కింద పూసిన జిగురు వాసన ముక్కుకు కొట్టింది. పరుపు చాలా బాగుంది. మంచం పక్కనే ఫోన్లకు ఛార్జింగ్ పెట్టుకునే సాకెట్లు అమర్చారు. బట్టల బీరువాకు కొత్త సన్‌మైకా అంటించారు. కానీ ఆ బీరువా తలుపును పట్టి ఉంచిన బందులు పాతవే. వాటి మీద కూడా రంగు వేసేయడంతో తలుపు తెరిచినప్పుడల్లా కీచుమని చిన్న రంగు పెచ్చు రాలేది.

అసలు కథ స్నానాల గదిలో ఉంది. కొత్త అద్దం, కొత్త కుళాయి, కొత్త తువ్వాళ్ళ కమ్మీ పెట్టారు. నేలకూ గోడకూ మధ్య తెల్లటి సీలెంటు కొత్తగా దట్టించారు గాని, దాని అంచు వెంట పాత నలుపు సన్నని కాటుక గీతలాగా కనబడుతూనే ఉంది. మొదటి రోజు నీళ్ళు నెమ్మదిగా పోయాయి. రెండో రోజు రాత్రి మా ఆవిడ స్నానం చేస్తుండగా నీళ్ళు పోవడం పూర్తిగా మానేసి, గడప దాటి, కొత్త తివాచీ మీదికి వచ్చేశాయి. ఫోన్ చేస్తే ఒక కుర్రాడు వచ్చి, జాలీ తీసి, లోపల నుంచి పిడికెడు సిమెంటు పొడి, ఒక వైరు ముక్క బయటికి తీశాడు. మరమ్మతు చేసిన వాళ్ళ చెత్త మా గొట్టంలో మిగిలిపోయిందన్నమాట. తడిసిన తివాచీ ఆరడానికి ఒక పెద్ద పంఖా పెట్టి వెళ్ళారు; అది రాత్రంతా హోరుమంటూనే ఉంది. వెనుక వైపు ఈత కొలనుకు వల కట్టేశారు. నాలుగు లిఫ్టుల్లో ఒకటి పనిచేయలేదు. ఉదయం పది గంటలకల్లా మా వరండాలో డ్రిల్లింగు మొదలయ్యేది. రిసెప్షనులో గంటసేపు నిలబడి ఫిర్యాదు చేస్తే, క్షమాపణతో పాటు ఓడ దుకాణంలో మాత్రమే చెల్లే కొద్ది డాలర్ల విలువ మా ఖాతాలో వేశారు. ఆ సొమ్ముతో మా ఆవిడ కొన్న టోపీని ఇప్పుడు మా పెరట్లో మామిడికాయలు కోసే కుర్రాడు పెట్టుకుంటున్నాడు. ఆ ఓడ పేరు రాయడం లేదు. ఆ లోపాలు ఈ పాటికి సరిచేసుకొనే ఉంటారు. నాకు కావలసింది ఆ ఓడ సంగతి కాదు, ఇప్పుడు ఎక్కబోయే ఓడ విషయంలో ఏమి అడగాలన్నది.

దసరాకు ఇంటికి వచ్చిన నా శిష్యుడొకడు ఈ విషయంలో నాకు గురువయ్యాడు. కంచిలి దగ్గరి పల్లె వాడిది. ఉద్దానం నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా విదేశాల షిప్‌యార్డులకు వెళ్ళే కుర్రాళ్ళలో వాడొకడు. పదో తరగతి భౌతికశాస్త్రంలో నా దగ్గర అత్తెసరు మార్కులతో గట్టెక్కినా, సింగపూరు యార్డులో పదకొండేళ్ళుగా పెద్ద పెద్ద ఓడల పొట్టల కింద పనిచేస్తున్నాడు. కిలో జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టి, నేను చూపించిన పుస్తకం తిరగేసి, “ఏటి మాస్టారూ, రంగు చూసి ఎక్కేస్తారేటి?” అని నవ్వాడు. ఆ తరువాత అరగంటసేపు వాడు చెప్పినది, నేను పాఠంలా రాసుకున్నాను.

ఓడను డ్రైడాక్‌లోకి తెచ్చి తలుపు మూసి నీళ్ళు తోడేస్తే, అది వరుసగా పేర్చిన దిమ్మల మీద కూర్చుంటుంది. అడుగున పట్టిన నాచును, గుల్లలను అతివేగంగా కొట్టే నీటిధారతో గీకేసి, మళ్ళీ అవి పట్టకుండా ప్రత్యేకమైన రంగు వేస్తారు. ఉప్పునీటికి ఓడ ఇనుము తుప్పు పట్టకుండా, దానికి బదులు తాము అరిగిపోయే లోహపు దిమ్మలను మారుస్తారు. ప్రొపెల్లరు ఇరుసు దగ్గరి సీళ్ళు, చుక్కాని, సముద్రపు నీటిని లోపలికి తీసుకునే వాల్వులు, ఓడ పక్కలకు ఊగకుండా ఆపే రెక్కలు, ఇవన్నీ విప్పి చూస్తారు. ప్రయాణికుల ఓడకు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఐదేళ్ళలో కనీసం రెండుసార్లు అడుగుభాగాన్ని నీటి బయట పరీక్షించాలి కనుక, డ్రైడాక్‌కు వెళ్ళడమే ఒక ఘనత కాదు. అది తప్పనిసరి పని. కంపెనీ ప్రకటనలో కనిపించే తివాచీలు, భోజనశాలలు ఆ తప్పనిసరి పనితో పాటు, అదే గడువులో, సంక్రాంతికి ఇంటికి సున్నం వేసినట్టు వేగంగా చేసేవి. డాకుకు రోజుల లెక్కన అద్దె కట్టాలి. తరువాతి ప్రయాణానికి టిక్కెట్లు ముందే అమ్మేసి ఉంటారు. కాబట్టి పని పూర్తయినా కాకపోయినా చెప్పిన తేదీకి ఓడ కదలవలసిందే. మిగిలిన పనిని రైడింగ్ స్క్వాడ్ అనే పనివాళ్ళ జట్టు ప్రయాణంలోనే చేస్తుంది. మా వరండాలో డ్రిల్లింగు చేసినది ఆ జట్టేనని నాకు మూడేళ్ళ తరువాత తెలిసింది.

వాడు చెప్పిన మరొక మాట నా నిర్ణయాన్ని చాలా వరకు మలుపు తిప్పింది. “గోడకి కొత్త పలక కొడతారు గానీ, గోడెనకాల పైపులు మార్చరు మాస్టారూ. అవి మార్చాలంటే గదులే పీకాలి.” గొట్టం కారితే పట్టీ వేసి బిగించి, మళ్ళీ పలక మూసేస్తారట. కనుక నీళ్ళు పోవడం, ఏసీ చల్లదనం, గది విస్తీర్ణం, గుమ్మం వెడల్పు, స్నానాల గది గడప ఎత్తు ఇవన్నీ ఓడ పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో చాలా వరకు అలాగే ఉంటాయి. కొత్త పుస్తకంలో వీటి గురించి ఒక్క వాక్యం లేదు. పైగా ఆ పుస్తకాన్ని మళ్ళీ పరీక్షగా చూస్తే, సగం బొమ్మలు అసలు ఫోటోలే కావని తేలింది. కొత్త భోజనశాల బొమ్మలో కుర్చీలకు నీడలు ఒక వైపుకు, బల్లలకు మరొక వైపుకు పడ్డాయి. పని మొదలు కాకముందు కంప్యూటరులో గీసిన ఊహాచిత్రాలవి.

ఓడ వయసును పేరును బట్టి తెలుసుకోవడం కూడా కుదరదు. 2022 జూన్‌లో విశాఖపట్నం వచ్చి, అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహారయాత్రలు నడిపిన “ద ఎంప్రెస్” అనే ఓడ 1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజేర్‌లో “నార్డిక్ ఎంప్రెస్”గా పుట్టింది. 2004లో “ఎంప్రెస్ ఆఫ్ ద సీస్” అయింది. 2008లో స్పెయిన్ సంస్థ చేతికి వెళ్ళి “ఎంప్రెస్” అయింది. 2016లో మళ్ళీ పాత యజమాని దగ్గరికి, పాత పేరుకు వచ్చింది. 2021 నుంచి మన దేశంలో తిరుగుతోంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఓడల లోకంలో ఇది మామూలే. పేరు ఎన్నిసార్లు మారినా ఓడకు కట్టినప్పుడు ఇచ్చిన ఏడంకెల ఐఎంఓ (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) సంఖ్య మాత్రం ముక్కలు చేసే దాకా మారదు. ఆ సంఖ్య అడిగి తెలుసుకుంటే ఓడ కట్టిన సంవత్సరం, పాత పేర్లు, పరిమాణం ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. నేను ఏజెంటును మొదట అడిగింది అదే. అతనికి దొరకలేదు, మా అల్లుడు పది నిమిషాల్లో పట్టాడు.

పాత ఓడ అనగానే భయపడవలసిన పని లేదని కూడా చెప్పాలి. మండే గుణమున్న సామగ్రితో కట్టిన పాత ప్రయాణికుల ఓడలకు 2010 అక్టోబరు 1 నుంచి కఠినమైన అంతర్జాతీయ నిబంధన అమలులోకి వచ్చి, దానికి తూగనివి చాలా వరకు తప్పుకున్నాయి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా మునిగి 32 మంది మరణించిన తరువాత, ప్రమాద సమయంలో ఎక్కడ గుమిగూడాలో చూపే కసరత్తును ఓడ కదలక ముందే, లేదా కదలగానే చేయించాలన్న నియమం 2015 నుంచి వచ్చింది. పోయినసారి ఆ కసరత్తు సమయంలో మా ఆవిడ నిద్రపోదామనుకుంది. కుదరదని తలుపు తట్టి మరీ లేపారు. ఆ విషయంలో ఆ ఓడ సిబ్బందిని మెచ్చుకోవాలి.

నన్ను భయం కంటే ఇరుకు ఎక్కువగా ఆలోచింపజేసింది. బాగుచేయించడం అనే పేరుతో కంపెనీలు తరచుగా చేసే పని కొత్త గదులను చేర్చడం. పుస్తకాలగదిని, పిల్లల ఆటగదిని తీసేసి గదులు కడతారు. పై అంతస్తు మీద మరికొన్ని పేరుస్తారు. మనుషులు పెరుగుతారు, లిఫ్టులు పెరగవు. దీనికి ఒక చిన్న లెక్క ఉంది. ఓడ లోపలి మొత్తం ఘనపరిమాణాన్ని సూచించే స్థూల టన్నేజీని, ఇద్దరేసి చొప్పున లెక్కగట్టిన ప్రయాణికుల సంఖ్యతో భాగించాలి. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు. ఎంప్రెస్‌కు 48,563ను సుమారు 1,600తో భాగిస్తే 30 వస్తుంది. 1999లో ఫిన్లాండులోని తుర్కులో కట్టిన వాయేజర్ ఆఫ్ ద సీస్‌కు మొదట్లో 1,37,000 పైచిలుకును 3,100తో భాగిస్తే 44 వచ్చేది. అంకె పెద్దదైతే మనిషికి చోటు ఎక్కువ. మేము చూస్తున్న ఓడకు పాత లెక్క 40 ఉండగా, కొత్త గదులు చేర్చిన తరువాత 37కు దిగింది. ఇది ఎక్కకూడదనేంత తేడా కాదు, కానీ మా నలుగురికీ కలిపి ఎనిమిది మోకాళ్ళుంటే మెట్లెక్కగలిగేవి మూడే. లిఫ్టు దగ్గర వరుస పొడుగైతే బాధ మాకే.

బరువు పైన చేరితే గురుత్వ కేంద్రం పైకి పోతుందనీ, బండి మీద గడ్డి ఎత్తుగా వేస్తే మలుపులో ఒరిగినట్టు ఓడ ఊగుతుందేమోననీ మా వియ్యంకుడుగారు సందేహం వ్యక్తం చేశారు. ఆయన విద్యుత్ శాఖలో పనిచేసి విరమించిన మనిషి; ఆ సందేహం సరైనదే. అందుకే అటువంటి మార్పు చేసినప్పుడు స్థిరత్వాన్ని మళ్ళీ లెక్కగట్టి ధ్రువపత్రం తీసుకోవాలి, అవసరమైతే ఓడ వెనుక భాగాన నీటిమట్టం దగ్గర అదనపు తొడుగు కట్టి తేలే శక్తిని పెంచుతారు. అంతకు మించిన శస్త్రచికిత్సలు కూడా జరిగాయి. 2005లో రోటర్‌డామ్‌లో ఎన్‌చాంట్‌మెంట్ ఆఫ్ ద సీస్ అనే ఓడను నడిమికి రెండుగా కోసి, మధ్యలో సుమారు 22 మీటర్ల కొత్త ముక్కను పెట్టి అతికారు. ఈ సంగతి చెబితే మా వియ్యపురాలు, “అతుకు మీద మన గది వద్దు అన్నయ్యగారూ” అన్నారు. మేము చూస్తున్న ఓడకు అటువంటి అతుకు లేదని చెప్పి ఆవిడను ఒప్పించాను.

రేవుల సంగతికి వస్తే, పెనాంగులో ఓడ జార్జిటౌన్‌లోని స్వెటెన్‌హామ్ జెట్టీకే ఆనుకుంటుంది. దిగి నడిచిపోతే పాత బజారే. మోకాళ్ళ వాళ్ళకు ఇంతకంటే మంచి రేవు లేదు. ఫుకెట్‌లో మా ఓడ పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేస్తుంది. అక్కడి నుంచి చిన్న పడవల్లో ఒడ్డుకు పోవాలి. పోయిన ప్రయాణంలో అటువంటి పడవలోకి దిగేటప్పుడు ఓడ అంచుకూ పడవ అంచుకూ మధ్య మూర ఎత్తు తేడా ఒకసారి పైకి, ఒకసారి కిందికి మారుతూ ఉంటే, ఇద్దరు నావికులు మా ఆవిడ మోచేతులు పట్టుకొని, కెరటం సమంగా వచ్చిన క్షణం చూసి అడుగు వేయించారు. నాకు కళింగపట్నం జ్ఞాపకం వచ్చింది. అక్కడ 1876 నాటి దీపస్తంభం ఇప్పటికీ ఉంది గాని, పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చే వీలు ఏనాడూ లేదు. స్టీమర్లు దూరాన నిలబడితే, మేకులు లేకుండా కొబ్బరి తాటితో కుట్టిన మసూలా పడవలు కెరటాలను దాటించి మనుషుల్నీ మూటల్నీ చేరవేసేవి. రంగూన్‌ను మావాళ్ళు రంగం అనేవారు. రంగం వెళ్ళిన మా తాతగారి అన్నగారు పడవ నుంచి ఓడ నిచ్చెన పట్టుకునే ఆ ఒక్క క్షణం గురించే ముసలితనంలో కూడా చెప్పేవారట. డెక్కు మీద చాప పరుచుకొని వెళ్ళిన ఆయనకు తివాచీ గొడవ లేదు.

ఈ పడవ మార్పిడి వల్ల కాలం ముఖ్యమైపోయింది. ఫుకెట్ పడమటి తీరంలో నైరుతి రుతుపవనాల కాలమంతా సముద్రం రేగి ఉంటుంది. నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా సాధారణంగా నిలకడగా ఉంటుంది. ఫిబ్రవరి అన్ని విధాలా మేలు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం మీద నమ్మకం పెట్టుకోవడం మా జిల్లా వాళ్ళకు చేతకాదు; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మాకు చేసింది మరచిపోయే పని కాదు. మలక్కా జలసంధిలో ఓడకు తుపాను తగలడం అరుదే అయినా, మేము విశాఖ నుంచి విమానం ఎక్కవలసినది మాత్రం ఈ సముద్రం ఒడ్డునే కదా.

విశాఖలోనే ఓడ ఎక్కి విశాఖలోనే దిగే యాత్ర దొరికితే విమానం బాధ తప్పేదని ముందుగా ఆలోచించాం. విశాఖ నౌకాశ్రయంలో దాదాపు 96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమయింది; శ్రీకాకుళం నుంచి బస్సులో మూడు గంటల్లో చేరవచ్చు. కానీ మేము అనుకున్న ఫిబ్రవరి తేదీలకు అక్కడి నుంచి ఏ ప్రయాణమూ మాకు కుదరలేదు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) వెళ్ళే ఓడ సంగతి కూడా మా వియ్యంకుడుగారు ఎత్తారు. ఆ దారిలో నడిచిన స్వరాజ్ ద్వీప్ మన హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారైన ఓడ. అయితే అది రెండున్నర రోజుల రవాణా ప్రయాణం, విహారం కాదు. నలభయ్యో పెళ్ళిరోజును బంకు మంచం మీద గడపడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ పెద్దగా వాదించలేదు.

సింగపూరుకు విశాఖ నుంచి నేరుగా స్కూట్ విమానం ఉండడం మాకు పెద్ద సౌకర్యం. ప్రయాణం సుమారు నాలుగు గంటలు. భోజనం, సామాను విడిగా కొనుక్కోవలసిన చౌక విమానం కనుక టిక్కెట్టు ధర చూసి మోసపోకుండా అవన్నీ కలిపి లెక్క వేయాలి. ఓడ బయలుదేరే రోజు ఉదయం దిగే విమానం ఎంత చౌకగా దొరికినా ఎక్కకూడదన్నది నా నియమం. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ముందు రోజు రాత్రి బస లిటిల్ ఇండియాలో. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల, వీరమాకాళి అమ్మవారి గుడి, ఇడ్లీ దోశ దొరికే హోటళ్ళు అన్నీ నడక దూరంలోనే ఉంటాయి. గది తీసుకునేటప్పుడు మాత్రం కిటికీ ఉందా అని అడిగి తీరాలి. పోయినసారి అడగకపోవడంతో మాకు కిటికీ లేని గది వచ్చింది. తెల్లవారిందో లేదో తెలియక మా ఆవిడ మూడింటికే లేచి స్నానం చేసి కూర్చుంది. అక్కడి నుంచి మెరీనా బే క్రూయిజ్ సెంటరుకు మెట్రో ఉన్నా, పెట్టెలతో నలుగురికీ టాక్సీయే నయం.

వీసా విషయంలో ఏజెంటు తేలికగా దాటవేసిన ముఖ్యమైన అంశం ఒకటుంది. సింగపూరు నుంచి ఓడలో బయటికి వెళ్ళి మళ్ళీ సింగపూరుకే వస్తాం కనుక ఒకసారి ప్రవేశించడానికి ఇచ్చే వీసా చాలదు, ఎక్కువసార్లు ప్రవేశించే వీసా ఉండాలి. మలేషియా 2023 డిసెంబరు నుంచి భారతీయులకు వీసా లేకుండా రానిస్తోంది; బయలుదేరే ముందు మలేషియా, థాయిలాండు నియమాలను మరొకసారి చూసుకోవడం మా అల్లుడి పని.

ధర గురించి చెప్పాలంటే, పుస్తకంలో పెద్ద అక్షరాల్లో ఉన్నది గది ధర మాత్రమే. రేవు పన్నులు వేరు. సిబ్బందికి ఇచ్చే సర్వీసు ఛార్జి రోజుకు మనిషికి ఇంతని, గదిని బట్టి, డాలర్లలో మన ఖాతాలోనే పడిపోతుంది. వైఫై వేరు, సముద్రం మధ్య ఫోను మామూలుగా వదిలేస్తే ఓడ టవరు పట్టుకొని బిల్లు వాచిపోతుంది కనుక ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది గాని అప్పటికి చేతి నుంచి పోయేదే. పోయినసారి అన్నీ కలిపితే పుస్తకంలోని ధరకు మూడో వంతు పైన పడింది. ఓడలో వైద్యుడు ఉంటాడు, ఫీజు డాలర్లలో ఉంటుంది, ఇక్కడి ఆరోగ్య బీమా సాధారణంగా అక్కడ పనిచేయదు. అందుచేత రక్తపోటు, చక్కెర వ్యాధి దాచకుండా రాసి, ఓడ ప్రయాణానికి వర్తిస్తుందని స్పష్టంగా ఉన్న ప్రయాణ బీమా తీసుకుంటున్నాం.

భోజనం గురించి నాకు బెంగ లేదు. సింగపూరు ఓడల్లో మన దేశపు వారు ఎక్కువే కనుక అన్నం, పప్పు, రెండు కూరలు ఎలాగూ ఉంటాయి. మా వియ్యపురాలు శనివారం ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. జైన్ భోజనం కావాలని బుకింగు సమయంలోనే రాయించాలి, ఎక్కిన తరువాత అడిగితే ఉడికించిన క్యారెట్టు పెడతారు. కందిపొడి ఇంట్లో కొట్టినది కాకుండా సీలు వేసిన పొట్లం తీసుకువెళ్ళమని చెప్పాను. ఆవిడకు నచ్చలేదు.

ఇవన్నీ బేరీజు వేసి, ధర తగ్గించిన నవంబరు ప్రయాణాన్ని వద్దనుకున్నాం. తగ్గింపు చిన్నదేమీ కాదు, ఇద్దరికి విమాన ఖర్చులు కలిసివచ్చేంత ఉంది. కానీ డ్రైడాక్ నుంచి వచ్చిన మొదటి ఆరేడు వారాలు ఓడను పరీక్షించే పని ప్రయాణికుల చేత చేయిస్తారని నా అనుభవం, శిష్యుడి మాట రెండూ చెబుతున్నాయి. ఆ పని నలభై ఏళ్ళ కిందటైతే చేసేవాణ్ణేమో. ఫిబ్రవరి మూడో వారం నాటికి నాలుగు నెలలు గడుస్తాయి. అప్పటికి పనివాళ్ళ జట్టు దిగిపోతుంది, జిగురు వాసన పోతుంది, కొత్త వంటశాలలో ఎవరు ఎక్కడ నిలబడాలో సిబ్బందికి అలవాటవుతుంది.

గది ఎంపికలో కూడా ఏజెంటు సలహాకు వ్యతిరేకంగా వెళ్ళాం. పై అంతస్తులో కొత్తగా కట్టిన గదులు ఇస్తానన్నాడు. అవి అందంగానే ఉన్నాయి, కానీ వాటి నెత్తి మీదే కొత్త ఈత కొలను ఉంది. తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు వినడానికి అంత దూరం పోనక్కరలేదు. ఆరో అంతస్తులో, ఓడ పొడవుకు సరిగ్గా మధ్యలో, పైనా కిందా కూడా గదులే ఉన్న చోట, పక్కపక్క గదులు రెండు తీసుకున్నాం. రెక్కలు ఓడ పక్కలకు ఊగడాన్ని ఆపుతాయి గాని ముందుకూ వెనక్కూ ఎత్తి దించడాన్ని ఆపవు. అది నడిమధ్య అన్నిటికంటే తక్కువగా తెలుస్తుంది. ఒక కొస లేస్తే మరో కొస దిగే ఊగుడు బల్ల మీద మధ్యలో కూర్చున్న పిల్లవాడికి భయం ఉండదని నేను ముప్ఫయ్యేళ్ళు చెప్పిన పాఠమే.

డబ్బు కట్టే ముందు ఓడ కంపెనీకి ఏజెంటు ద్వారా ఐదు ప్రశ్నలు పంపాను: డ్రైడాక్ నుంచి బయటికి వచ్చిన తేదీ, కొత్తగా చేర్చిన గదుల సంఖ్య, ఏసీ యంత్రాలను మార్చారా లేదా, ఫిబ్రవరి నాటికి మూసి ఉండే సౌకర్యాలు ఏమైనా ఉన్నాయా, ఏదైనా రేవు రద్దయితే తిరిగి ఇచ్చేది ఎంత. వారం తరువాత జవాబు వచ్చింది. మొదటి రెండింటికి సూటిగా చెప్పారు. ఏసీ గురించి “ప్రయాణికుల సౌఖ్యమే మా ధ్యేయం” అని రాశారు. రేవు రద్దయితే రేవు పన్ను మాత్రమే వాపసు ఇస్తామన్నారు. షరతుల్లోనూ అలాగే ఉంది. మూసి ఉండే వాటి ప్రశ్నకు జవాబు లేదు. ఐదింటికి మూడు వచ్చాయి కనుక అడ్వాన్సు కట్టాం. “అత్తెసరు మార్కులే గాని ఉత్తీర్ణతే కదా బావగారూ” అన్నారు మా వియ్యంకుడుగారు. మిగిలిన సొమ్ము కట్టడానికి నవంబరు 20 వరకు గడువుంది. అప్పటి దాకా మానుకుంటే అడ్వాన్సు మాత్రమే పోతుంది.

స్నానాల గదిలో నీళ్ళు పోయే దారి గురించి అడిగారా అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. ఆరో ప్రశ్నగా అది నిన్ననే పంపాను.